నిస్స్వభావమైన మాట, నిలిచిన ప్రతి

టిబెట్‌లో షిగాత్సే పట్టణానికి చేరువలో ఉన్న షాలు విహారం 11వ శతాబ్దంలో వెలసింది. 14వ శతాబ్దంలో బుతోన్ వంటి మహాపండితుడు అక్కడ పీఠాధిపతిగా ఉండి, అప్పటికి అనువాదమైన బౌద్ధ వాఙ్మయాన్నంతటినీ క్రమబద్ధం చేశాడు. 1936లో రాహుల్ సాంకృత్యాయన్ ఆ విహారానికి చెందిన గ్రంథసంచయంలో చూసిన సంస్కృత ప్రతుల్లో ఆచార్య నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’ ఒకటి. వివాదాలను తొలగించే గ్రంథమని ఆ పేరుకు అర్థం. అంతవరకు అది 541లో జరిగిన చైనీయ అనువాదం ద్వారా, ఆ తరువాతి టిబెటన్ అనువాదం ద్వారా మాత్రమే లోకానికి తెలుసు. ఇటలీ పండితుడు జ్యుసెప్పె టూచ్చి 1929లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆయనకున్న ఆధారాలు ఆ రెండు అనువాదాలే. షాలు ప్రతి బయటపడిన మరుసటి ఏడాదే పాట్నా పరిశోధన పత్రికలో సంస్కృత మూలం అచ్చయింది. దక్షిణాదివాడని సంప్రదాయం చెప్పే ఆచార్యుడి రచన దక్షిణాదిలో ఒక్క ఆకైనా మిగలకుండా పోయి, మంచుకొండల ఆవల ఒక గుడి అరలో, దాన్ని చదవగలిగినవారు అరుదైపోయిన కాలంలో కూడా, పూజ్యవస్తువుగా భద్రంగా ఉండిపోయింది.

ఇందులో ఒక తాత్త్విక ప్రశ్న ఇమిడి ఉంది. విగ్రహవ్యావర్తని చెప్పేది సర్వమూ శూన్యమని, అంటే ఏ వస్తువుకూ దేనిమీదా ఆధారపడని సొంత స్వభావం లేదని. మాటకూ లేదని, ఆ గ్రంథంలోని మాటకు కూడా లేదని. అటువంటి గ్రంథాన్ని పట్టుగుడ్డలో చుట్టి, చెక్క అట్టల మధ్య బిగించి, ఎత్తైన చోట పెట్టి నమస్కరించడం ఆ గ్రంథం చెప్పినదానికి విరుద్ధమా, లేక దానికి అనుగుణమైన ఆచరణేనా? బౌద్ధాన్ని కేవలం బుద్ధివాదంగా చూసే ఆధునికులు ఈ ఆరాధనను మూఢాచారంగా తోసిపుచ్చుతారు. భక్తిమార్గంలోనివారికి అసలు ప్రశ్నే తోచదు. ఈ రెండు వైఖరులూ గ్రంథం లోపలికి వెళ్ళకుండా బయటే ఆగిపోయినవి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంవారికి ఈ ప్రశ్న దూరదేశపు ముచ్చట కాదు. గద్వాలకు ఎగువన తెలంగాణలో అడుగుపెట్టే కృష్ణ బీచుపల్లి, సోమశిల మీదుగా పారి నల్లమలలోకి చొరబడుతుంది. ఆ కొండల్లోనే శ్రీపర్వతమని కూడా పేరున్న శ్రీశైలం. శ్రీశైల క్షేత్రానికి చెప్పే నాలుగు ద్వారాల్లో పడమటిదైన అలంపురం జోగులాంబ గద్వాల జిల్లాలోనూ, ఉత్తరపుదైన ఉమామహేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దగ్గరా ఉన్నాయి. అదే కృష్ణమ్మ దిగువకు పోయి చుట్టిన లోయలో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి తూర్పున ఉన్న కొండను అక్కడి ప్రాకృత శాసనమే ‘సిరిపవతం’ అని పిలిచింది. నేటి నాగార్జునకొండ అది. నాగార్జునుడు చివరి రోజులు శ్రీపర్వతం మీద గడిపాడని టిబెటన్ చరిత్రకారులు రాశారు. దక్షిణాపథంలో మంత్రసిద్ధి కలిగే చోట్లుగా శ్రీపర్వతాన్నీ ధాన్యకటక (నేటి అమరావతి) చైత్యాన్నీ మంజుశ్రీమూలకల్పం అనే బౌద్ధ తంత్రగ్రంథం పేర్కొన్నది. టిబెటన్ల మనసులో ఆ పేర్లు ఎంతగా నాటుకున్నాయంటే, 1416లో లాసా దగ్గర నెలకొల్పిన మహావిహారానికి ధాన్యకటకం పేరునే తమ భాషలో ‘డ్రెపుంగ్’ అని పెట్టుకున్నారు.

దక్షిణానికీ హిమాలయ దేశాలకూ మధ్య ఈ రాకపోకల జాడ శిలమీద కూడా ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక, అంటే గృహస్థురాలైన బౌద్ధ భక్తురాలు, నాగార్జునకొండలో ఒక చైత్యగృహం కట్టించి వేయించిన శాసనం, ఆ కట్టడాన్ని సింహళదేశపు థేరులకు, అంటే పెద్ద భిక్షువులకు, అంకితం చేస్తూ, వారు ప్రసన్నం చేసిన దేశాలుగా కాశ్మీరం, గాంధారం, చీనం, కిరాతభూమి, వంగం, ద్రవిడం మొదలైనవాటిని వరుసగా చెబుతుంది. ఊళ్ళో కూర్చొని ఒక గృహిణి చెక్కించిన రాతిలో హిమాలయాల అంచు దేశాలు కూడా పలికాయంటే, ఆ లోయలో వినబడిన ధర్మోపదేశం ఎంత దూరం నడిచిందో ఊహించవచ్చు. రాయి మిగిలింది. ఆ విహారాల్లో భిక్షువులు చదివిన ఆకులు మాత్రం మిగలలేదు.

ఇక విగ్రహవ్యావర్తని లోపలికి వెళితే, డెబ్బై కారికల ఆ చిన్న గ్రంథంలో మొదటి ఇరవై పూర్వపక్షం, అంటే ఎదుటివాడి ఆక్షేపణలు, మిగిలినవి సమాధానం. ఆక్షేపణల్లో మొదటిదే అన్నిటికన్నా పదునైనది. అన్ని భావాలకూ స్వభావం లేదంటే నీ మాటకూ స్వభావం లేదు. స్వభావం లేని మాట దేన్నీ ఖండించలేదు. లేని నిప్పు కాల్చదు, లేని నీరు తడపదు. అలాకాక నీ మాటకొక్కదానికి స్వభావం ఉందంటావా, అన్నీ శూన్యాలన్న నీ ప్రతిజ్ఞ అక్కడే వీగిపోయింది. ఈ చిక్కు నుంచి తప్పించుకోవడానికి నాగార్జునుడు పక్కదారి వెతకలేదు. నా మాట కూడా శూన్యమేనని నిండుగా ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, శూన్యమంటే లేనిది అని నీవు అనుకోవడంలోనే పొరపాటు ఉందన్నాడు. కారణాలనూ పరిస్థితులనూ ఆనుకొని పుట్టినది ఏదో అదే శూన్యం. ఈ ఆనుకొని పుట్టడాన్నే బౌద్ధులు ప్రతీత్యసముత్పాదం అంటారు.

దీన్ని వివరించడానికి ఆయన తన వ్యాఖ్యలో ఎంచుకున్న వస్తువులు చూడదగినవి. బండి, గుడ్డ, కుండ. ఈ మూడూ తమతమ కారణాలను ఆనుకొని పుట్టినవే, కనుక నిస్స్వభావాలే. అయినా బండి కట్టెలనూ గడ్డినీ మట్టినీ మోస్తుంది, కుండ తేనెనూ నీళ్ళనూ పాలనూ పట్టి ఉంచుతుంది, గుడ్డ చలి నుంచీ గాలి నుంచీ ఎండ నుంచీ కాపాడుతుంది. అదేవిధంగా నా మాటకు స్వభావం లేకపోయినా, భావాలకు స్వభావం లేదని తెలియజెప్పే పని అది చేస్తుందని ఆయన సమాధానం. మహాతార్కికుడు దేవలోకాల నుంచి కాక రైతు వాకిట్లోంచి ఉదాహరణలు ఏరుకోవడం యాదృచ్ఛికం కాదు. పని చేయడానికి శాశ్వతత్వం అక్కరలేదన్న సంగతి అక్కడే ఎక్కువ స్పష్టంగా కనబడుతుంది. ఎప్పటికీ మారని స్వభావం గల కుండ ఒకటి ఉంటే, దానిలో నీళ్ళు పోయడమూ కుదరదు, ఒంపడమూ కుదరదు. ఎవరికి శూన్యత పొసగుతుందో వారికే సమస్తమూ పొసగుతుందన్న భావంతో గ్రంథం ముగుస్తుంది.

తాటాకు పుస్తకం ఈ జాబితాలో నాలుగో వస్తువుగా చేరదగినది. చెట్టు, ఆకు కోసినవాడు, దాన్ని ఉడకబెట్టి ఆరబెట్టి నునుపు చేసినవాడు, లేఖకుడు, అతని ఎదుట ఉన్న మాతృక, అతనికి అన్నం పెట్టిన దాత, పురుగు పట్టకుండా ఏటేటా ఎండకు పెట్టిన చేయి, వీటిలో ఏ ఒక్కటి తప్పినా పుస్తకం లేదు. ఇంతమందిని ఆనుకొని నిలిచింది కాబట్టే అది శూన్యం. శూన్యం కాబట్టే అది ఒక చేతి నుంచి మరొక చేతికి, ఒక లిపి నుంచి మరొక లిపికి మారి అర్థాన్ని మోయగలిగింది. కనుక గ్రంథాన్ని కాపాడి పూజించడం శూన్యవాదానికి విరుద్ధమన్న మాట శూన్యతను లేమిగా అర్థం చేసుకున్నవారికే చెల్లుతుంది.

అయితే పూజకు సంబంధించిన ఈ చర్చను నాగార్జునుడికి ముందే ప్రజ్ఞాపారమితా సూత్రాలు లేవనెత్తాయి. ప్రజ్ఞాపారమిత అంటే వివేకపు పరాకాష్ఠ, ఆవలి గట్టు చేరిన జ్ఞానం. ఆ పేరుతో వెలసిన సూత్రాల్లో పేరు గడించినది అష్టసాహస్రిక, అనగా ముప్ఫైరెండు అక్షరాల శ్లోక పరిమాణంతో లెక్కించినప్పుడు ఎనిమిది వేల గ్రంథమయ్యే వచన రచన. క్రీ.శ. 179లోనే లోకక్షేముడు దాన్ని చైనా భాషలోకి మార్చాడు. నాగార్జునుడు నాగలోకానికి పోయి తెచ్చాడని కథలు చెప్పేది ఈ ప్రజ్ఞాపారమితా వాఙ్మయాన్నే. తథాగతుడి అనంతరం ఈ సూత్రాలు మొదట దక్షిణాపథంలో ప్రచారం పొంది, అక్కడి నుంచి తూర్పుకు, ఆపైన ఉత్తరాపథానికి పోతాయని అష్టసాహస్రిక సంస్కృత పాఠం తన భవిష్యత్తును తానే చెప్పుకున్నది. ఆ వాక్యం ఆధారంగా ఈ వాఙ్మయపు పుట్టిల్లు ఆంధ్రదేశమేనని వాదించిన పండితులున్నారు. వాయవ్యంలో దొరికిన గాంధారీ భాషా భూర్జపత్ర ప్రతి చాలా పాతదని తేలిన తరువాత ఆ వాదం బలం కొంత తగ్గింది. పుట్టుక సంగతి ఎట్లా ఉన్నా, తన దారిలో దక్షిణానికి తొలి మజిలీ స్థానం ఇచ్చుకున్న సూత్రం అది.

ఆ సూత్రం పుస్తకపూజను దాచిపెట్టకుండా బోధిస్తుంది. జంబూద్వీపమంతా నిండిన బుద్ధధాతువులు, అంటే బుద్ధుడి అస్థి అవశేషాలు, ఒకవైపు, రాసి ఉంచిన ప్రజ్ఞాపారమిత ఒకవైపు పెట్టి కోరుకోమంటే ఇంద్రుడు గ్రంథాన్నే కోరుకుంటాడు. ధాతువుల మీద తనకు గౌరవం లేక కాదనీ, ఆ ధాతువులు పూజనీయం కావడానికి కారణమే ప్రజ్ఞాపారమిత కనుక అనీ చెబుతాడు. గ్రంథం ఉన్న భూభాగం చైత్యంతో సమానమవుతుందన్న మాట ఈ కోవకు చెందిన సూత్రాల్లో కనబడుతుంది. అమెరికా పండితుడు గ్రెగరీ షోపెన్ 1975లో ఈ ఒక్క మాట మీదే వ్యాసం రాసి, తొలి మహాయానం పుస్తకారాధన చుట్టూ ఏర్పడిన చిన్నచిన్న కూటముల నుంచి పెరిగి ఉంటుందని ప్రతిపాదించాడు. 5వ శతాబ్దం తొలినాళ్ళలో భారతదేశం తిరిగిన చైనా యాత్రికుడు ఫాహియాన్ మహాయాన అనుయాయులు ప్రజ్ఞాపారమితను పూజించడం గురించి రాసిపెట్టాడు.

ఇంతగా పూజను పొగిడిన సూత్రమే పదకొండో పరివర్తంలో, అంటే అధ్యాయంలో, దానికి హద్దు గీసింది. ఆ పరివర్తం మారకర్మల గురించి. సాధకుడి దారి తప్పించే మారుడి పనులేవో చెబుతుంది. ఆవులిస్తూ రాయడం, నవ్వుకుంటూ రాయడం, మనసు ఎక్కడో పెట్టి రాయడం మారుడి పనులు. ఇవి ఏ కాలపు లేఖకుడికైనా తగిలే హెచ్చరికలు. కానీ వాటి వెంటనే వచ్చే మాట మరింత లోతైనది: అక్షరాలు రాసి, ప్రజ్ఞాపారమితను రాసేశామనుకోవడం మారకర్మ, అక్షరాల్లోనే ఆ జ్ఞానం ఉందని పట్టుకోవడం మారకర్మ, అది అక్షరాలకు అందనిదని పట్టుకోవడమూ మారకర్మే. మూడో మాట లేకపోతే ఇది అన్ని మతాల్లోని జ్ఞానులూ చెప్పే మామూలు సంగతి అయ్యేది. పుస్తకం వృథా అనే వేదాంతికి కూడా ఇక్కడ మినహాయింపు దొరకలేదు. అక్షరాన్ని కొలిచేవాడికి అక్షరం మీద పట్టు, అక్షరాన్ని తోసేవాడికి తన నిరక్షరం మీద పట్టు. రెంటిలోనూ వదలవలసింది పట్టునే.

ఇదే సూత్రం చివర ఉన్న సదాప్రరుదితుడి కథ ఈ విచారణనంతటినీ ఒక దృశ్యంగా నిలుపుతుంది. ఎప్పుడూ ఏడుస్తూ ఉండేవాడని ఆ బోధిసత్త్వుడి పేరుకు అర్థం. ప్రజ్ఞాపారమితను వెతుక్కుంటూ గంధవతీ నగరానికి పోతూ, అక్కడి ఆచార్యుడు ధర్మోద్గతుడికి సమర్పించడానికి చేతిలో ఏమీ లేదని, నడిబజారులో నిలబడి తన శరీరాన్ని అమ్ముతానని కేక వేస్తాడు. చివరికి గంధవతి చేరినప్పుడు అతడికి కనబడేది ఏడు రకాల రత్నాలతో కట్టిన కూటాగారం, అంటే శిఖరమున్న మండపం, అందులో ఒక పెట్టె, పెట్టెలో బంగారు రేకుల మీద కరిగించిన వైడూర్యంతో రాసిన ప్రజ్ఞాపారమిత. చూపించమని అడిగితే, ధర్మోద్గతుడు ఏడు ముద్రలు వేశాడు, చూపించడం సులభం కాదని ఇంద్రుడు అంటాడు. సదాప్రరుదితుడు నిరాశపడడు. తెచ్చిన పూలలో ఒక పాలు మూసిన పెట్టెకు, రెండో పాలు ఆచార్యుడికి సమర్పించి, తథాగతులు ఎక్కడి నుంచి వస్తారు, ఎక్కడికి పోతారని ప్రశ్నిస్తాడు. దానికి జవాబుగా ధర్మోద్గతుడు వీణానాదాన్ని చూపుతాడు: వీణ కాయ, తోలు, తంత్రులు, దండం, మీటే కోణం, మీటే మనిషి ప్రయత్నం, ఇవన్నీ కూడితే నాదం పుడుతుంది, అది ఎక్కడి నుంచో వచ్చిందీ లేదు, ఆగిపోయినప్పుడు ఎక్కడికో పోయిందీ లేదు, వీటిలో ఏ ఒక్కదాని వల్లో పుట్టిందనడానికీ వీల్లేదు. తెరవని పుస్తకానికి పూలు వేసిన శిష్యుడికి, పుస్తకంలో ఉన్నది ఆచార్యుడి నోట ఈ రూపంలో అందింది. పూజ, ప్రశ్న, ఉపదేశం ఒకే సందర్భంలో జరిగాయి. సూత్రకర్త ఆ మూడింటినీ వేరుచేయకపోవడంలోనే ఆయన ఉద్దేశం తేటతెల్లమవుతుంది.

బంగారు రేకుల ఆ కథను అక్షరాలా పాటించినవారు నేపాల్ లోయలోని నేవారులు. సంస్కృతాన్ని నేటికీ ఆరాధనభాషగా నిలుపుకున్న బౌద్ధం వారిది. పాటన్ నగరంలో స్థానికులు ‘క్వా బహా’ అని పిలిచే హిరణ్యవర్ణ మహావిహారంలో బంగారు సిరాతో రాసిన 13వ శతాబ్దపు అష్టసాహస్రిక ప్రతి ఉంది. అది గ్రంథాలయ వస్తువు కాదు, అక్కడి భక్తులకు దేవత. జబ్బు నయం కావాలనో, మొక్కు తీర్చుకోవాలనో ఎవరైనా చదివించుకుంటే, వజ్రాచార్యులనే గృహస్థ పురోహితులు చుట్టూ కూర్చొని, ఆకులు పంచుకొని, తలా ఒక భాగాన్ని ఏకకాలంలో చదువుతారు. అనేక గొంతులు ఒకేసారి వేర్వేరు పుటలు పలుకుతుంటే వినేవాడికి ఏ వాక్యమూ అర్థమయ్యే అవకాశం లేదు. మానవశాస్త్రజ్ఞుడు డేవిడ్ గెల్నర్ ఈ పారాయణను దగ్గరుండి పరిశీలించి రాశాడు.

ఇటువంటి చదువు వల్ల ప్రయోజనమేమిటన్న ఆక్షేపణ తేలికైనది కాదు. తెలుగువారి ఇళ్ళలో అర్థం తెలియకుండా సాగే సుందరకాండ పారాయణకూ, నవరాత్రుల్లో పుస్తకాలను పీట మీద పెట్టి పసుపు కుంకుమ చల్లి ఆ రోజంతా వాటిని తెరవకపోవడానికీ ఇదే ఆక్షేపణ వర్తిస్తుంది. ప్రాచీన బౌద్ధాచార్యులు దీనికి పరోక్షంగా ఒక సమాధానం ఏర్పరచారు. మధ్యాంతవిభాగమనే శాస్త్రంలో ధర్మంతో మెలగే పద్ధతులు పది చెప్పారు: రాయడం, పూజించడం, ఇతరులకు ఇవ్వడం, వినడం, చదవడం, గ్రహించడం, విడమరచి చెప్పడం, వల్లించడం, చింతించడం, భావన చేయడం. రాత మొదట, పూజ రెండోది, ధ్యానరూపమైన భావన చివరిది. పూజకు స్థానం ఉంది, కానీ అది రెండో మెట్టు. అక్కడే కూర్చుండిపోవడానికి శాస్త్రం అనుమతించలేదు. అయినా, రెండో మెట్టు మీద ఆగిపోయిన తరాలు లేకపోతే పదో మెట్టు ఎక్కదలచిన తరానికి మెట్లే ఉండవన్నది చరిత్ర చూపిన సంగతి. షాలు విహారంలో శతాబ్దాలపాటు ఆ సంస్కృత ప్రతులకు నమస్కరించిన భిక్షువుల్లో అత్యధికులు వాటిని చదివి ఉండరు. వారు చదవని ఆకులే నాగార్జునుడి వాక్యాన్ని ఆయన భాషలో తిరిగి అందించాయి. అర్థం తెలియని శ్రద్ధను చిన్నచూపు చూడడం ఈ కారణం వల్ల న్యాయం కాదు. ఆ శ్రద్ధే చాలునని సరిపెట్టుకోవడమూ అంతే తప్పు.

ఉత్తరాన మిగిలి దక్షిణాన పోవడానికి భౌతిక కారణాలు కూడా ఉన్నాయి. హిమాలయ ప్రాంతపు చల్లని పొడి గాలిలో తాళపత్రం వెయ్యేళ్ళు నిలుస్తుంది, క్రీ.శ. 878లో రాసిన సుశ్రుతసంహిత ప్రతి కాఠ్మాండూలో ఇప్పటికీ ఉంది, 1015లో నేపాల్‌లో రాసిన సచిత్ర అష్టసాహస్రిక ప్రతి కేంబ్రిడ్జిలో ఉంది. అక్కడివారు వెడల్పైన శ్రీతాళపు ఆకు మీద కలంతో, సిరాతో రాశారు. తరువాతి కాలంలో కొండపొదల బెరడుతో చేసిన కాగితానికి పురుగు పట్టకుండా హరితాళపు పసుపు పూశారు. తెలుగునేల మీద ఘంటంతో తాటాకును గీరి, ఆ గీతల్లోకి మసి పట్టించి రాసేవారు; వేడికీ తేమకూ చెదలకూ ఆ ఆకు కొన్ని వందల ఏళ్ళకు మించి ఆగదు, కనుక ప్రతి కొన్ని తరాలకొకసారి తిరగరాయక తప్పదు. తిరగరాయాలంటే దాన్ని కోరుకునే సంఘం ఉండాలి. మహాయాన గ్రంథాలను భిన్న నికాయాల, అంటే బౌద్ధ శాఖల, విహారాల్లో నకలు చేయించుకోవడం ఎంత కష్టమో, నాగార్జునుడి వాదశైలిని ఆ అవసరం ఎట్లా తీర్చిదిద్దిందో జోసెఫ్ వాల్సర్ 2005 నాటి తన గ్రంథంలో చర్చించాడు. కృష్ణాలోయలో విహారాలు పాడుపడి, భిక్షుసంఘం చెదిరిపోయాక, రాయించే దాతా రాసే లేఖకుడూ లేక ఆకులు రాలిపోయాయి. తగలబెట్టినవారెవరని వెతకడం కన్నా, తిరగరాసేవారు ఎప్పుడు ఆగిపోయారని వెతకడం సత్యానికి దగ్గర.

తిరగరాసిన ప్రతి పాత పుస్తకమేనా అన్న సందేహానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నేలమీదే రాతితో చెప్పిన జవాబు ఉంది. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురంలో మళ్ళీ కట్టారు. కొల్లాపురం వైపు జటప్రోలు గుడులనూ అట్లాగే ఎత్తైన చోటికి తరలించారు. దిగువన నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నిటికి అంతకు ముందే ఇటువంటి తరలింపు జరిగింది. అలంపురంలో నేడు నిలిచిన సంగమేశ్వరుడి గుడి చాళుక్యులు కట్టిందేనా? అదే స్థలం కాదు, అదే పునాది కాదు, నదుల సంగమం అక్కడ లేదు. వేరే గుడి అందామా అంటే అవే రాళ్ళు, అదే విమానం, అదే పేరు. రెండూ కాదు, రెండూ కాకపోలేదు అనే నాగార్జునుడి పలుకుబడి అర్థం చేసుకోవడానికి ఆ గుడి ప్రాంగణం ఏ పాఠశాలకూ తీసిపోదు. స్వభావం అనేదొకటి ఉండి ఉంటే, అది పాత చోటనే మునిగిపోయేది. కారణసామగ్రి కలిస్తే మళ్ళీ నిలవగలదు కనుకనే గుడి బతికింది. గ్రంథమూ అంతే, చైనీయంలో, టిబెటన్‌లో, చివరికి నాగరి అచ్చులో అది మళ్ళీ మళ్ళీ నిలిచింది.

ఈ సీమ గ్రంథాలను పట్టించుకోని సీమ కాదు. గద్వాల సంస్థానాన్ని పండితులు ‘విద్వద్గద్వాల’ అన్నారు. వనపర్తి, జటప్రోలు సంస్థానాలు కూడా కవులకు నెలవులు. అయినా తెలంగాణలో కవులే లేరన్న నింద వచ్చినప్పుడు, నేటి గద్వాల జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించి 354 మంది కవులను ఒక్కచోట చేర్చవలసివచ్చింది. ఆ కవుల్లో గతించినవారెందరివో రచనలు అంతవరకు తాటాకు కట్టల్లో ఉండి, అచ్చు కాకపోవడం వల్లనే లేనివిగా లెక్కకు వచ్చాయి. తాటాకు గ్రంథాల చివర లేఖకులు రాసే పలుకుల్లో, నడుము వంగి, మెడ వాలి, చూపు మందగించి ఇంత కష్టపడి రాశాను, నూనె నుంచీ నీటి నుంచీ కట్టు సడలడం నుంచీ కాపాడమని, మూర్ఖుడి చేతికివ్వవద్దని వేడుకోవడం దేశమంతటా ఉన్న ఆనవాయితీ. నేపాల్ బౌద్ధ ప్రతుల చివర దాత తన పుణ్యం తల్లిదండ్రులకూ గురువులకూ సకల ప్రాణులకూ చెందాలని రాయించుకున్నాడు. గ్రంథం తనంతట తాను నిలవదని ఈ లేఖకులకు తెలిసినంత స్పష్టంగా తార్కికులకు కూడా తెలియదేమో.

నాగార్జునుడికి మాత్రం తెలుసు. శాతవాహన రాజుకు ఉపదేశంగా చెప్పినదని సంప్రదాయం భావించే ‘రత్నావళి’లో, మాట నిస్స్వభావమని తర్కించిన ఆ ఆచార్యుడే, బుద్ధవచనపు పుస్తకాలనూ వాటితోపాటు సిరానూ కలాలనూ దానం చేయమని రాజుకు చెప్పాడు, రాజ్యంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయులకు జీవనం ఏర్పరచి భూములివ్వమన్నాడు. ఆ తరువాత, చలివేంద్రాల దగ్గర చెప్పులు, గొడుగులు, నీళ్ళు వడకట్టే గుడ్డలు, ముల్లు తీసే పట్టకారు, సూది, దారం, విసనకర్ర ఉంచమని కూడా చెప్పాడు. పుస్తకం, కలం, ముల్లు తీసే పట్టకారు ఒకే దయలో భాగాలుగా ఆయనకు కనిపించాయి. టూచ్చి 1934లో, 1936లో ప్రకటించిన రత్నావళి సంస్కృత పాఠం నేపాల్‌లో దొరికిన అసంపూర్ణ ప్రతి నుంచి తీసినది; ఈ ఉపదేశం ఉన్న మూడో పరిచ్ఛేదం అందులో లేదు. పుస్తకాలు దానం చేయమని రాజుకు చెప్పిన ఆ పద్యాలు నేడు చదవడానికి దొరుకుతున్నది టిబెట్‌లోనూ చైనాలోనూ పూర్వులు వాటిని తమ భాషల్లోకి మార్చుకొని, తరతరాలుగా నకళ్ళు తీసుకున్నందువల్ల.